చిక్కం లేని చండకిరణ్

చీటీ ఒకటి. దుబ్బ పిల్లర్ల నడుము దాకా. గాలి లేదు.

టోల్ సారు నాకు అప్పగించిన పని ఒక్కటే. పొద్దున్నే వంతెన అంచున నిలబడి, కింద దుబ్బ, అంటే ఊళ్ళని ముంచేసిన దుమ్ము, పిల్లర్లకు ఎంత ఎత్తున ఉందో చూసి, పాత టోలు రసీదుల వెనక రాయాలి. దానికి నాలుగు మాటలు చాలు. మిగిలిన కాగితం ఖాళీగా వదిలేయడానికి నాకు మనసొప్పదు. ఈ వంతెన మీద చదవడం వచ్చినదాన్ని నేనొక్కదాన్నే కాబట్టి, ఇక్కడ ఎవరిని తిట్టినా వాళ్ళకి తెలిసే ప్రమాదం లేదు.

ఈ రోజు అరవై రెండో భాగం చదవడం పూర్తయింది. నా ఖర్మ కొద్దీ పూర్తయింది.

లోకం కూలిన కొత్తలో మా పెద్దలు కింద పెట్రోలు బంకు వెనక ఉన్న అద్దె పుస్తకాల షాపులోకి దిగారట. పక్కనే కిరాణా కొట్టు ఉంది. దాని పక్కన మందుల షాపు ఉంది. ఆ రెండూ వదిలేసి, ఎవడో మహానుభావుడు నవలల మూటలు భుజానికెత్తుకున్నాడు. అన్నీ ఒకే సీరీస్. కమాండర్ చండకిరణ్ సాహసాలు. లోకం అంతమైపోయాక ఒక్క మోటారు సైకిలు మీద తిరుగుతూ అందరినీ కాపాడే వీరుడు. అతని కథలో లోకం మంటల్లో పోయింది. మాది దుమ్ములో పోయింది. ఆ తేడా ఇక్కడెవరికీ పట్టదు.

సాయంత్రానికి ఒక్క పేజీ చొప్పున చిన్నప్పటి నుంచి చదువుతున్నాను కాబట్టి చెబుతున్నాను. అరవై రెండు భాగాల్లో ఆ మనిషి ఒక్కసారి కూడా నీళ్ళు తాగలేదు. బండికి పెట్రోలు పోయించలేదు. చొక్కా చిరుగుతుంది కానీ మాసిపోదు. మేమిక్కడ డివైడరు మట్టిలో జొన్న పండించుకుని, టార్పాలిన్ల మీద పడ్డ వాన చుక్కలు పట్టుకుని బతుకుతున్నాం. సాయంత్రం అయ్యేసరికి మాత్రం అందరూ టోలు గేటు దగ్గర నోళ్ళు తెరుచుకుని కూర్చుంటారు, వాడి గొప్పలు వినడానికి. ఈ వంతెన మీద పుట్టిన మగపిల్లల్లో సగం మంది పేరు చండకిరణే. ఒకణ్ణి పిలిస్తే గుంపు పరిగెత్తుకొస్తుంది.

అరవై రెండో భాగం చివర అతను అగ్నిలోయ మీద తాడు పట్టుకుని వేలాడుతున్నాడు. తాడు పైకొస అంటుకుంది. "అంతలో..." అని ఉంది. తరవాతి పేజీ లేదు. అద్దెకు తీసుకున్నవాడెవడో చింపుకుపోయాడు. మూటలో అరవై మూడో భాగమూ లేదు.

ఐలవ్వ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. ఈ వంతెన మీద అందరికంటే పెద్దది ఆవిడే.

"సచ్చిపోతడా బుక్కులమ్మ?" అంది.

"సస్తే పీడ వోతది," అన్నాను.

ఈ పూట నాకెవరూ అంబలి పోయలేదు.

చీటీ రెండు. దుబ్బ నడుము దాకా. పడమటి గాలి.

మీటింగు పెట్టారు. టోల్ సారు అసలు పేరు నర్సింగరావు. టోలు గేటు గదిలో ఉంటాడు, అక్కడ దొరికిన టోపీ పెట్టుకుంటాడు. అంతకు మించి అతను సారు కావడానికి కారణం నాకు ఇప్పటిదాకా కనబడలేదు. మీటింగుల్లో ఒక నవల చేత్తో పట్టుకుని కూర్చుంటాడు. తలకిందులుగా.

"అరవై మూడు గా షాపుల్నే ఉంటది," అన్నాడు. "తేవాలె. చండకిరణ్ ఉన్నడా పోయిండా తెల్వకపోతే జనం పని చేస్తలేరు. పొద్దటి నుంచి ఒక్కలు గూడ మొక్కలకు నీళ్ళు పొయ్యలే."

అది నిజమే. తాడు కాలిపోతే వాడు పడతాడా లేదా అని వాదించుకుంటూ జొన్న ఎండబెట్టారు.

"ఎవ్వలు పోతరు?" అన్నాడు సారు.

నా కూతురు రజిత లేచి నిలబడింది. ఇరవై దాటాయి. ఇంతవరకూ నేను దాన్ని కిందకి దిగనివ్వలేదు. పైన తాడు పట్టుకునే పనే ఇప్పించాను. తాడు విషయంలో దాన్ని మించినవాళ్ళు లేరు, అది నేనూ ఒప్పుకుంటాను.

"నేను పోత. చిక్కం లేకుంట పోత. చండకిరణ్ లెక్క," అంది.

అందరూ చప్పట్లు కొట్టారు. నేను తప్ప.

చిక్కం అంటే ఇక్కడ మూతికి కట్టుకునే సంచి. రెండు పొరల గుడ్డ, బయటి పొరలో బొగ్గు పొడి, కట్టుకునే ముందు తడపాలి. అది లేకుండా దిగినవాడు పైకి వస్తాడు, నవ్వుతూనే వస్తాడు. తరవాత దగ్గు మొదలవుతుంది. ఆ దగ్గు ఆగదు, మనిషే ఆగిపోతాడు. మా పెద్దలందరూ చిక్కం కట్టుకునే దిగేవారు. అది ఉక్కగా ఉంటుంది, గడ్డం దురద పెడుతుంది, మాట్లాడితే మేక అరిచినట్టు ఉంటుంది. అయినా కట్టుకునేవారు. కుర్రకారు మానేయడానికి కారణం పదిహేడో భాగంలో ఉన్న ఒక్క వాక్యం. "చండకిరణ్ మూతికి చిక్కం కట్టే మొనగాడు ఇంకా పుట్టలేదు."

అది చదివిన రోజు నుంచి చిక్కం కట్టినవాడు పిరికిపంద.

నేను లేచాను. "అది గా చిక్కం కాదయా. వాని నోరు ఎవ్వడు మూయించలేడని రాసిండు. వెనకట ఎద్దు పంటల మూతి వెట్టకుంట కట్టేదాన్ని చిక్కం అంటుండ్రి. దాని మీదికెళ్ళి తీసుకున్న మాట అది."

"ఎద్దంటే ఏంది?" అన్నాడు ముందు వరసలో ఉన్న ఒక చండకిరణ్.

"నాలుగు కాళ్ళుంటయి. కొమ్ములుంటయి. దున్నుతది."

"చండకిరణ్‌తోని కొట్లాడిన మృగమా?"

"కాదురా! చేన్ల పని చేస్తది!"

"నువ్వు చూసినవా?"

నేను చూడలేదు. మా అమ్మ చెప్పింది. ఆ మాట అనగానే అందరూ నవ్వారు. టోల్ సారు కూడా నవ్వాడు, టోపీ సర్దుకుంటూ.

"బుక్కులమ్మకు చండకిరణ్ అంటే పడదు. ఎప్పుడు గింతే," అన్నాడు. "బుక్కుల చిక్కం అని ఉన్నదా, లేదా?"

ఉంది. అదే ఉంది. ఎద్దు పోయింది, మాట మిగిలింది, ఆ మాట ఈ మూర్ఖుల చేతిలో పడింది. పుస్తకంలో ఏముందో వాళ్ళకి చదివి వినిపించగలను కానీ, దానర్థం మాత్రం నా చేతిలో లేదు.

దుబ్బ మోకాలి దాకా దిగిన రోజున రజిత దిగాలని తీర్మానించారు.

చీటీ మూడు. దుబ్బ నడుము కిందకి జారింది. గాలి లేదు.

ఇంట్లో యుద్ధం. ఇల్లంటే పాత బస్సు వెనక భాగం, రెండు సీట్లు తీసేసి.

"ఊపిరితిత్తులు సంతల దొరుకుతయా, పోతే ఇంకోటి కొనుక్కొచ్చుకుంటానికి?" అన్నాను.

"సంత అంటే ఏంది?" అంది రజిత.

దీనితో ఎలా వేగాలి?

"మీ నాయన గూడ గిట్లనే చప్పట్లు కొట్టిచ్చుకుంట దిగిండు," అన్నాను. నా మొగుడు సాయిలు చిక్కం తీసి నా ఒళ్ళో విసిరేసి, రెండు చేతులూ పైకెత్తి దిగాడు. రాగి తీగ చుట్ట తెచ్చాడు. ఆ తీగకి ఎంత పేరొచ్చిందో! వానాకాలం అంతా దగ్గాడు. చలి మొదలవకముందే పోయాడు. అప్పటికి రజితకి నడక వచ్చిందంతే. దాని దృష్టిలో వాళ్ళ నాన్న వీరుడు. నా దృష్టిలో వాడు వెధవ. వాడంటే నాకు ఇప్పటికీ ప్రాణమే, అది వేరే విషయం.

"నాకు భయం లేదమ్మ," అంది.

"నాకున్నది," అన్నాను. "నాకు నువ్వు తప్ప ఎవ్వలున్నరే?"

అది తాడుకి నూనె పెట్టుకోవడానికి పోయింది. నా మాటకి ఇంట్లో విలువ లేదు, బయట విలువ లేదు. ఈ వంతెన మీద ఒక్కడి మాటకే విలువ ఉంది. వాడు కాగితం మనిషి. వాడు నా నోటితోనే మాట్లాడతాడు.

ఈ చివరి మాట రాశాక చాలాసేపు దాని వంకే చూస్తూ కూర్చున్నాను.

చీటీ నాలుగు. దుబ్బ తొడల దాకా. తూర్పు గాలి.

మూటల అడుగున అట్ట ఊడిపోయిన పుస్తకం ఒకటి ఉంది. 'నూరు రకాల నిలవ పచ్చళ్ళు'. నేను ఎవరికీ చదివి వినిపించని పుస్తకం ఇదొక్కటే. మామిడికాయ అంటే ఏమిటని అడుగుతారు, తరవాత ఏడుస్తారు. దాన్ని పట్టుకెళ్ళి టోల్ సారు ముందు పడేశాను.

"ఇగో. అరవై మూడు. అడుగున వడ్డది. అట్ట లేదని ఇన్ని రోజులు చూడలే."

సారు అటూ ఇటూ తిప్పి చూశాడు. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన కూడా చూశాడు. "ఔను. ఇది అరవై మూడే," అన్నాడు. పండితుడు.

రేపు చదవాలి. రజిత దిగడం ఆగిపోయింది, కనీసం ఇప్పటికి. కానీ ఆపితే సరిపోదు. ఇది కాకపోతే ఇంకో పనికి, గుడ్డకో రేకుకో, ఎప్పుడో ఒకప్పుడు దిగుతుంది, నోరు తెరుచుకునే దిగుతుంది. వాడి నోటితోనే చెప్పించాలి.

పగలంతా మసి సిరాలో తీగ ముంచుకుని రసీదుల వెనక రాస్తూ కూర్చున్నాను. చండకిరణ్ లాగా రాయడం చాలా తేలికనుకునేదాన్ని. ఎర్రటి కళ్ళు, బిగించిన పిడికిళ్ళు, "హుం!" అనడం. ఇంతేగా? రెండు చీటీలు రాసేసరికి చెమటలు పట్టాయి. వీడు ఎక్కడ నిలబడినా నాకు వీడి దాహం గుర్తొస్తుంది. తాడు కాలుతుంటే అరచేతులు కాలవా అనిపిస్తుంది. అరవై రెండు సార్లు ఆ రచయిత ఇవేవీ పట్టించుకోకుండా ఎలా రాశాడో! సిగ్గు లేకపోవడం కూడా ఒక విద్యే అయ్యుండాలి.

చీటీ అయిదు. దుబ్బ తొడల దాకా. గాలి లేదు.

చదివాను. పచ్చళ్ళ పుస్తకం తెరిచి, లోపల నా చీటీలు పెట్టుకుని.

తాడు తెగింది. చండకిరణ్ అగ్నిలోయలో పడ్డాడు. కానీ మంట అప్పటికే ఆరిపోయింది. లోయ నిండా మిగిలింది బూడిద. అది దుబ్బలా పైకి లేచింది. (ఇక్కడ అందరూ ముందుకి జరిగారు.) చండకిరణ్ తన బూటులోంచి ఒక చిక్కం తీశాడు. వాళ్ళ అమ్మ కుట్టిచ్చినది.

కలకలం. "చిక్కమా?" "చండకిరణా?" అన్నారు.

"సదవన్నా, వద్దా?" అని కసిరాను. సద్దుమణిగారు.

ప్రతి భాగంలోనూ ఒక రాకుమారి ఉంటుంది కాబట్టి నేనూ ఒకదాన్ని పెట్టాను. మణిమాల. ఆమె అతని చిక్కం చూసి పకపకా నవ్వింది. అప్పుడు చండకిరణ్ కళ్ళెర్రజేసి, "నవ్వుతావేం? ఊపిరితిత్తులు సంతలో దొరుకుతాయా, పోతే ఇంకోటి కొనుక్కోవడానికి? చిక్కం కట్టుకోవడానికి ధైర్యం కావాలి! ఊరికే నోరు తెరుచుకుని చావడానికి ఏ ధైర్యమూ అక్కర్లేదు!" అన్నాడు. చిక్కం ఎలా తడపాలో, బొగ్గు వైపు ఎటు ఉండాలో, ముడి చెవుల వెనక రెండు చోట్ల ఎందుకు వేయాలో కూడా చెప్పాడు. కొంచెం ఎక్కువ సేపే చెప్పాడు.

మధ్యలో ఒక చీటీ జారి కింద పడింది. చేతిలో మిగిలింది ఉత్త పచ్చళ్ళ పుస్తకం. ఏం చేయాలో తోచక కళ్ళబడింది చదివేశాను. "చండకిరణ్ సోలెడు ఆవపిండి తీసుకుని..." అని ఆగిపోయాను. జనం ఊపిరి బిగబట్టారు. "...శత్రువు కళ్ళల్లో కొట్టాడు!" అన్నాను. ఈలలు వేశారు. సాయంత్రం మొత్తం మీద వాళ్ళకి అన్నిటికంటే నచ్చింది అదే. ఆవపిండి అంటే ఏదో భయంకరమైన ఆయుధం అనుకున్నారు.

చివర చండకిరణ్ ఇంటికి వెళ్ళి, చిక్కం ఉతికి ఆరేసి, వాళ్ళమ్మ ఒడిలో తల పెట్టుకుని పడుకున్నాడు. శుభం.

ఎవరూ కదల్లేదు.

"ఇంటికి పోయిండా?" అన్నాడు టోల్ సారు. "గంతేనా?"

"శుభం అంటే అయిపోయినట్టు," అన్నాను.

"గట్లెట్ల అయిపోతది? ఆ మణిమాల ఏమైంది? శత్రువు కండ్లు మంచిగైనయా?"

"జరంత ముసలోడైండు చండకిరణ్," అంది ఐలవ్వ. "గని మంచిగనే ఉన్నది. తల్లి మాట విన్నడు."

"అరవై నాలుగు ఉంటది," అన్నాడు సారు. "ఉండాలె. షాపుల ఉంటది."

అందరూ తలూపారు. వాళ్ళకి కథ కావాలి కానీ, దాని ముగింపు వద్దు. ఆ ముక్క ఇన్నేళ్ళు చదివి కూడా నాకు తెలియలేదు. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

రజిత అప్పటికే లేచి నిలబడింది.

చీటీ ఆరు. దుబ్బ మోకాలి దాకా. గాలి లేదు. దిగే రోజు.

తెల్లవారి లేచి చూస్తే వంతెన అంతా పిల్లలు మూతులకి గుడ్డలు కట్టుకుని తిరుగుతున్నారు. బూట్లు ఉన్నవాళ్ళు బూట్లలో దోపుకున్నారు. టోల్ సారు తన చిక్కానికి టోపీ మీది ఇత్తడి బొత్తాం కుట్టించుకున్నాడు. అతను దిగేది లేదు, ఎక్కేది లేదు.

రజిత బస్సు వెనక కూర్చుని గుడ్డ తడుపుకుంటోంది. నేను కుట్టినదే. సాయిలు విసిరేసిన దాన్ని విప్పి, కొత్త బొగ్గు పోసి మళ్ళీ కుట్టాను. ఆ సంగతి దానికి చెప్పలేదు.

"అమ్మా," అంది, తలెత్తకుండా. "గా చండకిరణ్ అరవై రెండు బుక్కుల దాక ఎవ్వలిని తిట్టలే. ఒక్క హుం అంటడు, కొడ్తడు, పోతడు. అరవై మూడుల మాత్రం అచ్చం నీ లెక్కనే తిట్టిండేంది?"

నేను కిటికీ వైపు తిరిగాను.

"రాసినోడు ముసలోడై ఉంటడు," అన్నాను.

"అయ్యుంటడు," అంది. "సంత అంటే ఏందో మణిమాల అడగనే లేదు. నేనైతే అడుగుతుంటి."

నవ్వింది. అది చిక్కం మూతికి ఆనించుకుంది, బొగ్గు పొర బయటి వైపుకి, సరిగ్గా వాడు చెప్పినట్టే. చెవుల వెనక రెండు చోట్ల ముడి వేసుకుంది. వేసుకుని, వీపు నా వైపు తిప్పి ముడి చూపించింది, సరిగ్గా ఉందా అన్నట్టు. నేను ఇంకొంచెం బిగించాను. అన్నీ తెలిసి ఎందుకు దిగుతోందో మాత్రం అడగలేకపోయాను. అడిగితే ఎక్కడ చిక్కం విప్పి సమాధానం చెబుతుందోనని.

అది దిగాక తాడు నేనే పట్టుకున్నాను. వేరే వాళ్ళ చేతికి ఇవ్వలేదు. దుబ్బలోకి దిగిన మనిషి కనబడదు. తాడు కదలడం ఒక్కటే కనబడుతుంది. మెల్లగా పెట్రోలు బంకు వైపు జరిగింది, ఆగింది. ఎంతకీ కదల్లేదు. ఐలవ్వ నా పక్కన కూర్చుని, "ఏం గాదు బిడ్డా, ఆవపిండి ఉన్నది గద," అంది. జీవితంలో మొదటిసారి నేను వాళ్ళలాగా ఆలోచించాను. చండకిరణ్ అయితే పైకి వస్తాడు కదా, అరవై రెండు సార్లు వచ్చాడు కదా అని. అలా అనుకున్నందుకు నా మీద నాకే అసహ్యం వేసింది. అయినా అనుకుంటూనే ఉన్నాను.

కింది నుంచి తాడు మూడుసార్లు లాగింది, పైకి లాగమని గుర్తు. లాగాం.

దుమ్ము కొట్టుకుపోయిన ఆకారం అంచు పట్టుకుని పైకెక్కింది. నేనే చిక్కం ముడి విప్పాను. లోపలి పొర శుభ్రంగా ఉంది. ముక్కు శుభ్రంగా ఉంది. ఊపిరి తీసుకోమన్నాను, తీసుకుంది. ఇంకోసారి అన్నాను. గరగర లేదు. పదిమందిలో ఏడవడం నాకు అలవాటు లేదు కానీ, ఏడ్చాను.

"దొరికిందా?" అన్నాడు టోల్ సారు, బొత్తాం చిక్కంలోంచి మేకలాగా.

"దొరికింది సారూ, అరవై నాలుగు," అంది రజిత, భుజాన ఉన్న సంచి గట్టిగా పట్టుకుని. "గని మస్తు చెదలు వట్టింది. మా అమ్మకే సదువస్తది. మా అమ్మ మంచిగ చేసి సదువుతది."

జనం ఎగిరి గంతులేశారు. జొన్నకి నీళ్ళు పోయడానికి పరిగెత్తారు కూడా.

బస్సులోకి వచ్చాక సంచి విప్పింది. పుస్తకమూ లేదు, చెదలూ లేవు. ఒక రేకు డబ్బా.

"షాపుల ఒక్క బుక్కు లేదమ్మ. అంత మట్టే," అంది. "బల్ల కింద గిది దొరికింది. నేను పోయింది గూడ గిసొంటిదానికోసమే. మసిల తీగ ముంచుకుంట నువ్వెన్ని రోజులు రాస్తవు?"

డబ్బా నిండా పెన్సిళ్ళు. ఒక్కటీ చెక్కలేదు.

"ఎప్పుడు తెల్సింది నీకు?" అన్నాను.

"బూటుల చిక్కం అన్నప్పుడే. వాళ్ళమ్మ కుట్టిచ్చింది అన్నవు గద. వానికి అమ్మ యాడికెళ్ళి వచ్చిందమ్మా, అరవై రెండు బుక్కుల్ల లేనిది?"

చీటీ ఏడు. దుబ్బ మోకాలి దాకా. తూర్పు గాలి.

ఇది పెన్సిలుతో రాస్తున్నాను. చెరిగిపోతుందేమో, పోనీ.

బయట టోల్ సారు ఇప్పటికే రెండుసార్లు వచ్చి, చెదలు దులపడం అయిందా అని అడిగి వెళ్ళాడు. రజిత నా పక్కన కూర్చుని అక్షరాలు దిద్దుతోంది. ఇన్నాళ్ళూ, చదివేవాళ్ళు ఒక్కరుంటే చాలదా అనేది. ఇప్పుడు మాత్రం, నువ్వు రాసేదాంట్లో నన్నేమని తిడుతున్నావో చూసుకోవాలి కదా అంటోంది. 'అ' సున్నా లాగా, 'ఆ' ఇంకా పెద్ద సున్నా లాగా వస్తున్నాయి. దాని చిక్కం కిటికీకి ఆరేసి ఉంది.

కాగితం మీద అంకె వేశాను. అరవై నాలుగు. చండకిరణ్‌ని నిద్ర లేపాలి, మళ్ళీ బండెక్కించాలి, మణిమాలకి ఏదో ఒకటి చేయాలి. ఇదంతా చెత్త. నాకు తెలుసు. ముందు మాత్రం వాడికి కడుపు నిండా నీళ్ళు తాగిస్తాను. అరవై మూడు భాగాలుగా నోరెండబెట్టుకుని తిరుగుతున్నాడు, వెధవ.